ఊరు చూపిస్తూ వచ్చిన ఇంగ్లీషు

ఇంగ్లీషులో మాట్లాడడం నేర్చుకోవాలనుకునేవారికి పెద్దలు చెప్పే సలహాల్లో ఒకటి, ఎక్కడికైనా దూరప్రాంతానికి వెళ్లి రమ్మనడం. భాష తెలియని చోట అవసరం మీద పడితే నోరు దానంతట అదే తిరుగుతుందని వారి ఉద్దేశం. ఈ మాటలో నిజం లేకపోలేదు గానీ, అది సగం నిజమేనని నా అభిప్రాయం. పరాయి ఊళ్లో మనకు కావలసిన ఇంగ్లీషు చాలా కొద్ది. గది ఉందా, అద్దె ఎంత, బస్సు ఎన్ని గంటలకు, భోజనం ఎక్కడ దొరుకుతుంది అనే నాలుగైదు ప్రశ్నలతో వారం రోజులు సునాయాసంగా గడిచిపోతాయి. అవతలివారు చెప్పే జవాబులు కూడా ఒక అంకెతోనో, ఒక చేతి సైగతోనో ముగుస్తాయి. మాట నిజంగా సాగేది ఎవరైనా మనల్ని అడిగినప్పుడు, ఒక జవాబు విని ఇంకో ప్రశ్న వేసినప్పుడు. అలా అడిగేవారు దొరికేది మన ఊరికి వచ్చిన కొత్తవారిలో. అందుకే ఇంగ్లీషు కోసం ఊరు దాటి పోవడం కన్నా, మనకు బాగా తెలిసిన స్థలాలను కొత్తవారికి చూపించడం ఎక్కువ ఫలితమిస్తుందని కొన్నేళ్ల అనుభవం మీద చెప్పగలను.

నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. పదో తరగతి వరకు, ఆ పైన డిగ్రీ వరకు కూడా తెలుగు మాధ్యమంలోనే చదివినవారిలో నేనూ ఒకరిని. 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు, నాలాంటి ఉపాధ్యాయులకు పుస్తకం చదివి అర్థం చేసుకోవడం కష్టం కాలేదు. ఎన్నో ఏళ్లుగా ఇంగ్లీషు పుస్తకాలు చదువుతూనే ఉన్నాం. పిల్లవాడు లేచి ఒక ప్రశ్న వేస్తే, పుస్తకంలో లేని జవాబును అప్పటికప్పుడు నోటితో కూర్చి చెప్పడమే కొత్త పని. నెల రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు మా స్టాఫ్ రూములో చేతులు మారాయి. వాటిలో ఉన్న సంభాషణలన్నీ బ్యాంకులోనో, విమానాశ్రయంలోనో, పార్టీలోనో జరుగుతాయి. మా జీవితంలో విమానాశ్రయం ఎన్నిసార్లు వస్తుంది? చెప్పవలసిన విషయం లేనప్పుడు వాక్యాలను ఎంత బట్టీ పట్టినా అవి నాలుక మీద నిలవవు.

విషయం చేతిలో ఉన్న చోటు ఏది అని ఆలోచిస్తే నాకు తట్టింది పానగల్లు. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి ఆటోలో కొద్ది నిమిషాల దూరం. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన గుడి. మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం. కందూరు చోళుల కాలం నాటిదని పాఠంలోనూ చెబుతుంటాను. ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు జరుగుతున్నా పగలంతా ఆ నీడ ఉన్న చోటనే ఉంటుంది. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చే పర్యాటకుల్లో తెలుగు రానివారు గుడి చుట్టూ తిరిగి, నీడను ఫోటో తీసుకుని, దాని సంగతి తెలియకుండానే వెళ్లిపోతుంటారు. వారితో ఒక్క మాట కలిపితే చాలు. “డు యు నో వై పీపుల్ కమ్ టు సీ దిస్ షాడో?” అని అడిగితే వద్దనేవారు ఉండరు.

ఆ తరువాత వచ్చే ప్రశ్నలే మనకు పాఠం. ఏ స్తంభం నీడ అది, పొద్దున వచ్చినా ఇలాగే ఉంటుందా, మబ్బు పట్టిన రోజు సంగతేమిటి, ఇది కావాలని కట్టిందా లేక అనుకోకుండా కుదిరిందా అని అడుగుతారు. కారణం చెప్పాలంటే ‘బికాజ్’ వాడాలి, విరోధం చెప్పాలంటే ‘ఈవెన్ దో’ వాడాలి, షరతు చెప్పాలంటే ‘ఇఫ్’ వాడాలి. “ఈవెన్ దో ద సన్ మూవ్స్, ద షాడో స్టేస్ వేర్ ఇట్ ఈజ్” అనే వాక్యాన్ని నేను ఏ పుస్తకం నుంచీ తీసుకోలేదు. ఆ నీడ ముందు నిలబడితే ఆ వాక్యం తప్ప మరో దారి లేదు. వెలుతురు ఒకే వైపు నుంచి నేరుగా రాకుండా స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వస్తుందని, ఒకటి కన్నా ఎక్కువ నీడలు ఒకదాని మీద ఒకటి కలిసి పడతాయని చెప్పేటప్పుడు చేతులు కూడా సాయానికి వస్తాయి. రెండు అరచేతులు అడ్డంగా పెట్టి చూపిస్తూ “లైట్ కమ్స్ ఫ్రమ్ మోర్ దాన్ వన్ సైడ్” అంటే వారికి వెంటనే అందుతుంది.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక చిక్కు గురించి చెప్పాలి. కోస్తాలోనో తమిళనాడులోనో లేని చిక్కు ఇది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వాసులకు హిందీ, ఉర్దూ ఎంతో కొంత వచ్చు. నిజాం కాలం నుంచి కచేరీ భాష, ఇప్పుడు హైదరాబాద్ బజారు భాష. కాబట్టి ఢిల్లీ నుంచి వచ్చినవారితో ఇంగ్లీషులో మొదలుపెట్టిన సంభాషణ మూడో వాక్యానికే హిందీలోకి జారిపోతుంది. ఇద్దరికీ అదే సులువు కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం. అయితే ఇంగ్లీషు మాత్రం అక్కడే ఆగిపోతుంది. అందుచేత నేను వెతుక్కునేది మలయాళీలను, తమిళులను, ఈశాన్య రాష్ట్రాల నుంచి హైదరాబాద్‌కు ఉద్యోగాలకు వచ్చిన యువతీయువకులను. వారికి తెలుగు రాదు, వారిలో చాలామందికి హిందీ మీద మనసు లేదు, నాకు వారి భాష రాదు. ఇద్దరికీ ఇంగ్లీషు అరువు భాషే అయినప్పుడు వ్యాకరణం తప్పుతుందేమోనన్న బెరుకు ఇద్దరిలోనూ సగానికి తగ్గుతుంది. ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో వచ్చినవారి కోసమే కాచుకుని కూర్చునేవారు ఈ సంగతి గమనించాలి. మాట్లాడే ఇంగ్లీషుకు తెల్లజాతివారే గురువులు కానక్కరలేదు.

ఈ లెక్కన చూస్తే నాగార్జునసాగర్‌కు సాటి వచ్చే చోటు మా జిల్లాలో మరొకటి లేదు. బౌద్ధ యాత్రికులు శ్రీలంక నుంచి, ఆగ్నేయాసియా దేశాల నుంచి అక్కడికి వస్తారు. 2022లో ప్రారంభమైన బుద్ధవనం అనే బౌద్ధ ఉద్యానం వల్ల వారి రాక ఇంకా పెరిగింది. శ్రీలంక ఇచ్చిన, ఆ దేశంలోని అవుకన బుద్ధ విగ్రహానికి ప్రతిరూపం ముందు నిలబడి ఆ దేశపు యాత్రికులు దండం పెట్టుకుంటారు. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చినవారిని కూడా ఒక బృందంగా అక్కడికి తీసుకువచ్చారు. ఆ హడావిడి రోజున మాలాంటివారికి దగ్గరికి వెళ్లే అవకాశం ఎలాగూ ఉండదు. మామూలు రోజుల్లో వచ్చే యాత్రికులే మాటలకు దొరుకుతారు.

సాగర్‌లో నేను నేర్చుకున్నది ముఖ్యంగా కర్మణి వాక్యం. బడిలో ‘పాసివ్ వాయిస్’ పేరు చెబితే పిల్లలకు వణుకు. రాముడు రావణుణ్ణి చంపెను అనే వాక్యాన్ని అటు తిప్పి ఇటు తిప్పి రాయించడమే ఆ పాఠమంతా. అలా తిప్పి రాయవలసిన అవసరం ఏమిటో ఏ పిల్లవాడికీ అర్థం కాదు. నాగార్జునకొండకు వెళ్లే లాంచీలో కూర్చుని, పక్కన ఉన్నవారు నీళ్లను చూపిస్తూ ఇక్కడ ఏముండేది అని అడిగితే, ఆ వాక్యం ఎందుకు పుట్టిందో ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోగా ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీదికి తరలించి తిరిగి కట్టారు, మరికొన్నింటికి నమూనాలు నిర్మించారు. ఇదంతా ఎవరెవరు చేశారన్నది ప్రయాణికుడికి అక్కరలేదు. ఏం జరిగిందన్నదే కావాలి. “ద వ్యాలీ వాజ్ ఎక్స్‌కవేటెడ్ ఫస్ట్. దెన్ ద మాన్యుమెంట్స్ వర్ మూవ్డ్ టు ద హిల్‌టాప్. ఆఫ్టర్ దట్, ద వ్యాలీ వాజ్ ఫ్లడెడ్.” ఈ మూడు వాక్యాలు నోటికి వస్తే కర్మణి వాక్యం వచ్చినట్లే. దానికి తోడు ‘యూస్డ్ టు’ కూడా అక్కడే పట్టుబడుతుంది. “పీపుల్ యూస్డ్ టు లివ్ దేర్, అండర్ దిస్ వాటర్” అన్నప్పుడు వినేవారి కళ్లు నీళ్ల వైపు తిరుగుతాయి.

కొండ మీది మ్యూజియంలో శిల్పాల దగ్గర ఇంకో రకం ప్రశ్న వస్తుంది. ఇంత పెద్ద కట్టడాలకు డబ్బు ఎవరిచ్చారు అని ఒక శ్రీలంక ఉపాధ్యాయురాలు నన్ను అడిగారు. దానికి శాసనాల్లో చక్కని జవాబు ఉంది. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం వంటి వైదిక క్రతువులు చేశాడు. ఆయన సోదరి చాంతిసిరి మాత్రం అక్కడి పెద్ద బౌద్ధ స్తూపమైన మహాచైత్యానికి ప్రధాన దాత. అంతఃపుర స్త్రీలు పలువురు బౌద్ధ విహారాలకు దానాలు చేశారు. “ద కింగ్ ఫాలోడ్ వన్ ఫెయిత్, బట్ హిజ్ సిస్టర్ సపోర్టెడ్ అనదర్” అని చెప్పగానే ఆమె తన బృందంలోని వారందరినీ పిలిచి, అదే మాటను సింహళంలో వారికి చెప్పారు. ఆ కాలంలో సింహళ భిక్షువుల కోసం అక్కడ ఒక విహారమే ఉండేదని కూడా చెప్పాను. ఆ తరువాత లాంచీ దిగేదాకా వాళ్ల బడి గురించి ఆమె, మా బడి గురించి నేను చెప్పుకుంటూనే ఉన్నాం. స్థలం గురించి మొదలైన మాట ఇలా ఇంటి సంగతులకు, పిల్లల చదువులకు, వంటలకు వెళ్లడం నేను చాలాసార్లు గమనించాను. రోజువారీ ఇంగ్లీషు అనేది అలా చరిత్ర వెనుక నుంచి వస్తుంది. మొదటనే “హౌ మెనీ చిల్డ్రన్ డు యు హావ్” అని అడిగితే ఎవరికైనా ఇబ్బందే.

అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. మన లక్షలు, కోట్లు విదేశీయులకు తెలియవు. డ్యామ్ నీటిని మనం టీఎంసీల్లో చెబుతాం. మా రైతులకు అది బియ్యం కిలోల్లో చెప్పినంత సహజం గానీ, బయటివారికి ఆ మాట ఎన్నడూ వినబడి ఉండదు. ఒక టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, అంటే ఒక బిలియన్ ఘనపుటడుగులు. సాగర్ సామర్థ్యం మొదట 408 టీఎంసీలు. పూడిక చేరడంతో ఇప్పుడు 312 టీఎంసీలుగా లెక్కిస్తున్నారు. మీటర్లకు అలవాటుపడినవారికి దాన్ని దాదాపు 8.8 బిలియన్ ఘనపు మీటర్లు అని చెప్పాలి. ఇలాంటి మార్పిడులు ముందే చేసి ఒక చిన్న కాగితం మీద రాసుకోవడం మంచిది. 26 గేట్లు, 124 మీటర్ల ఎత్తు అని చెప్పడానికి ఏ ఇబ్బందీ లేదు. ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ వంటి జంటలను పలికేటప్పుడు మొదటిదానిలో చివరి భాగాన్ని, రెండవదానిలో మొదటి భాగాన్ని నొక్కి పలకాలి. మనం రెండింటినీ ఒకే తీరుగా పలుకుతాం కాబట్టి టికెట్ల దగ్గర, ఆటో కిరాయిల దగ్గర తగవులు పుడుతుంటాయి. శతాబ్దాల విషయంలోనూ అంతే. ఏడవ శతాబ్దమంటే 601 నుంచి 700 వరకు అన్న సంగతి పిల్లలకే కాదు, పర్యాటకులకూ గుర్తుచేయవలసి వస్తుంది.

పురావస్తు శాఖ బోర్డుల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. వాటి మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి కాబట్టి పక్కపక్కన పెట్టి చదువుకోవడానికి బాగుంటాయి. అయితే బోర్డు మీది ఇంగ్లీషు కాగితపు ఇంగ్లీషు. దాన్ని ఉన్నదున్నట్టు నోటితో పలికితే పోలీసు నోటీసు చదివినట్టు ఉంటుంది. నేను చేసే అభ్యాసం ఏమిటంటే, బోర్డు చదివి, వెనక్కి తిరిగి, అదే సంగతిని పక్కింటివారికి చెప్పినట్టు చెప్పడం. ముట్టుకోవడం నిషేధించబడినది అనే అర్థం వచ్చే పొడుగు వాక్యం “ప్లీజ్ డోంట్ టచ్ ఇట్, ద స్టోన్ ఈజ్ వెరీ ఓల్డ్” అవుతుంది. కట్టడం యొక్క ప్రాంగణంలోకి ప్రవేశ సమయం సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు అనేది “ఇట్స్ ఓపెన్ టిల్ సన్‌సెట్, సో యు హావ్ ప్లెంటీ ఆఫ్ టైమ్” అవుతుంది. మన పాఠ్యపుస్తకాలు బోర్డు భాషనే నేర్పాయి. మాట్లాడే భాషను మనమే దాని నుంచి విప్పి తీసుకోవాలి. ఈ ఒక్క అభ్యాసానికి మనిషి కూడా అవసరం లేదు, ఒంటరిగా వెళ్లినా చేసుకోవచ్చు.

పోచంపల్లిది వేరే దారి. అక్కడ చెప్పవలసింది చరిత్ర కన్నా పని. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చిన కథ చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. మగ్గం ముందు మాత్రం గంట గడిచినా ప్రశ్నలు తరగవు. ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన తరువాత విదేశీయులు ఇంకా తరచుగా వస్తున్నారు. మా బంధువుల ఇల్లు అక్కడ ఉండడం వల్ల సెలవుల్లో వెళ్తుంటాను. నేత పనిచేసే అక్కలకు హిందీ వచ్చు. ఇంగ్లీషు వచ్చినవారు ఇంటికి వస్తే మాత్రం నన్ను పిలుస్తారు. “ఏమంటున్నరు మేడమ్ ఆమె? జర చెప్పున్రి” అని వారు అడగడం, నేను అటూ ఇటూ మాట చేరవేయడం అలవాటైంది. ఈ మధ్యవర్తి పనికి మించిన అభ్యాసం లేదు. అడిగినది సరిగ్గా వినాలి, తెలుగులో చెప్పాలి, అక్క చెప్పిన జవాబును మళ్లీ ఇంగ్లీషులో పెట్టాలి. వింటున్న ఇద్దరిలో ఎవరూ మన వ్యాకరణాన్ని లెక్కించరు, విషయం కోసమే చెవి పెడతారు.

చాలామంది పర్యాటకులు పోచంపల్లి చీర మీద డిజైన్‌ను అద్దకమనుకుంటారు. నేయకముందే డిజైన్ దారంలో ఉంటుందని చెప్పడం అక్కడ మొదటి పని. నూలును చాచి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ వేరే చోట కట్టి వేరే రంగులో ముంచుతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. ఆ తరువాతే దారం మగ్గానికి ఎక్కుతుంది. ఈ వరుసను చెప్పేటప్పుడు ‘ఫస్ట్’, ‘దెన్’, ‘ఆఫ్టర్ దట్’, ‘వన్స్ ఇట్ డ్రైస్’ అన్నవి తమంతట తామే వరుసలో వచ్చి నిలబడతాయి. “ద ప్యాటర్న్ ఈజ్ ఇన్ ద థ్రెడ్ బిఫోర్ ఇట్ గోస్ ఆన్ ద లూమ్” అని చెప్పి, చీర రెండు వైపులా తిప్పి చూపిస్తే సందేహం తీరుతుంది. పడుగును ‘వార్ప్’ అని, పేకను ‘వెఫ్ట్’ అని అంటారన్న సంగతి నాకు ఒక చేనేత పుస్తకం చెప్పింది గానీ, ఆ రెండు మాటలూ నాకు బోధపడింది మాత్రం గుంట మగ్గం దగ్గర కూర్చున్న తరువాతే.

ఆసు పోయడం, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ వరుసగా తిప్పడం గురించి చెప్పేటప్పుడు అందరూ నిశ్శబ్దంగా వింటారు. ఒక చీరకు కావలసిన ఆసు కోసం చేతిని వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే, భుజాలు పట్టేస్తాయి. తల్లి పడే ఆ బాధ చూసి ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ కథ ఇంగ్లీషులో చెప్పడానికి భూతకాలం, వర్తమానం రెండూ కలిపి వాడాలి. “హిజ్ మదర్ డిడ్ దిస్ బై హ్యాండ్. నౌ ద మెషీన్ డజ్ ఇట్.” పొట్టి వాక్యాలే. అయినా ఇంటికి తిరిగి వచ్చాక కూడా మరిచిపోని ఇంగ్లీషు ఇదే.

వినడం గురించి రెండు మాటలు. మనకు ఇంగ్లీషు రాదని అనుకునే సందర్భాల్లో సగం నిజానికి వినబడని సందర్భాలు. ఒక్కొక్కరిది ఒక్కొక్క యాస. అర్థం కాకపోతే చిరునవ్వు నవ్వి తల ఊపడం మనవారికి బాగా అలవాటు. దానివల్ల సంభాషణ అక్కడితో చచ్చిపోతుంది. “సారీ, కుడ్ యు సే దట్ అగైన్?” అని అడగడంలో నామోషీ ఏమీ లేదు. వారు రెండోసారి చెప్పేటప్పుడు నెమ్మదిగా, తేలిక మాటల్లో చెబుతారు. ఆ తేలిక మాటలే మనకు కావలసినవి.

అవును, కాదు అనే జవాబులు కూడా గమనించదగినవి. ఇవాళ మ్యూజియం తెరవలేదా అని అడిగితే తెలుగులో అవును, తెరవలేదు అంటాం. ఇంగ్లీషులో అలా ‘యెస్’ అని మొదలుపెడితే తెరిచి ఉందనుకుని అంతదూరం నడిచి వెళ్తారు. “నో, ఇట్స్ క్లోజ్డ్ టుడే” అనాలి. అలాగే “డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?” అని బస్సులో ఎవరైనా అడిగితే, కూర్చోమనడానికి ‘యెస్’ అనకూడదు, “నాట్ అట్ ఆల్” అనాలి. ఊరి దారి చెప్పేటప్పుడు మనకు మర్రిచెట్టు, అంబేద్కర్ విగ్రహం, పాత సినిమా హాలు గుర్తులు. కొత్తవారికి ఆ సినిమా హాలు ఎప్పుడో మూతపడిందన్న సంగతి తెలియదు. ఎన్నో మలుపు, ఏ చేతి వైపు, నడిస్తే ఎన్ని నిమిషాలు అన్న మూడు సంగతులు చెబితే వారు చేరుకుంటారు. ఆ కాస్తే కదా అనే మన అలవాటు మాటను నమ్మి ఎండలో నడిచినవారు మనల్ని తిట్టుకుంటారు.

మర్యాద గురించి కొంత గట్టిగానే చెప్పదలిచాను. ఇంగ్లీషు నేర్చుకోవాలన్న ఉబలాటంతో విదేశీయుల చుట్టూ మూగడం, అనుమతి అడగకుండా సెల్ఫీలు తీసుకోవడం, ఒంటరిగా వచ్చిన ఆడవారి వెంట నడవడం సిగ్గుచేటు. వారు మన అభ్యాసం కోసం టికెట్ కొనుక్కుని రాలేదు. జీతం, వయసు, పెళ్లి, మతం గురించి మనం బస్సులో పక్కవారిని అడిగినంత తేలికగా వారిని అడగకూడదు. “వుడ్ యు లైక్ మీ టు ఎక్స్‌ప్లెయిన్?” అని ఒక్కసారి అడిగి, వద్దంటే తప్పుకోవాలి. గైడుగా పనిచేసేవారు ఉన్న చోట వారి ఉపాధికి అడ్డు రాకూడదు. డబ్బు ఇవ్వబోతే తీసుకోకూడదు. ఈ నియమాలు మా విద్యార్థులకు ముందే చెప్పి తీసుకువెళ్తాను.

మిగిలిన స్థలాల గురించి క్లుప్తంగా చెబుతాను. భువనగిరి కోట ఏకశిల మీద ఉంది. ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్ శిక్షణ మొదలుపెట్టింది ఆ రాళ్ల మీదనే. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు వారాంతాల్లో గుంపులుగా వస్తారు. అక్కడ దొరికేది ఆయాసంతో మాట్లాడే ఇంగ్లీషు, “వాచ్ యువర్ స్టెప్”, “లెట్స్ టేక్ ఎ బ్రేక్” వంటి చిన్న మాటలు. దేవరకొండ కోటకు బయటివారు తక్కువగా వస్తారు కాబట్టి కోట కోసం వెళ్లండి, ఇంగ్లీషు కోసం వద్దు. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి మాత్రం ప్రత్యేకం. దాదాపు ఏడు వందల ఏళ్లుగా నిలిచి ఉన్న చెట్టు గురించి చెప్పడానికి “ఇట్ హాజ్ బీన్ గ్రోయింగ్ హియర్ ఫర్ అబౌట్ సెవెన్ హండ్రెడ్ ఇయర్స్” అనాల్సిందే. మొదలై ఇంకా సాగుతున్న పనికి ఇంగ్లీషువారు ఎందుకు ఒక ప్రత్యేక కాలం పెట్టుకున్నారో ఆ ఊడల కింద నిలబడితే తెలుస్తుంది. 2018లో చెదలు పట్టినప్పుడు ఆ చెట్టుకు సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించారని చెబితే నమ్మనివారు కూడా ఉంటారు. ఒక తమిళ కుటుంబం ‘రియల్లీ?’ అని మూడుసార్లు అడిగింది.

అలంపురంలో నాకు ఇప్పటికీ తేలిక కాని ప్రశ్న ఒకటి ఎదురవుతుంటుంది. బాదామి చాళుక్యుల కాలం నాటి ఆ తొమ్మిది గుళ్లను నవబ్రహ్మ ఆలయాలంటారు. బాల బ్రహ్మ, కుమార బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ వంటి పేర్లు. లోపల ఉన్నది శివలింగాలు. బ్రహ్మ పేరుతో శివుడి గుడి ఎందుకు అని బెంగాలీలు, మలయాళీలు తప్పకుండా అడుగుతారు. బ్రహ్మ అక్కడ తపస్సు చేశాడన్న స్థలపురాణం ఒకటి ఉంది. పురాణాన్ని చరిత్రలా చెప్పకుండా, అలాగని చులకన చేయకుండా చెప్పాలంటే “ద లోకల్ స్టోరీ ఈజ్ దట్” అని మొదలుపెట్టాలి. ఆ ఐదు మాటలు నాకు అక్కడి నుంచి తరగతి గదికి కూడా పనికివచ్చాయి. శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి కట్టిన కథ చెప్పేటప్పుడు సాగర్‌లో నేర్చిన కర్మణి వాక్యాలే మళ్లీ అక్కరకు వస్తాయి.

మా ఎనిమిదో తరగతి పిల్లలను పానగల్లుకు తీసుకువెళ్లినప్పుడు ఒక పద్ధతి పాటిస్తున్నాను. ఒక్కొక్కరికి ఒక్కొక్క చోటు అప్పగిస్తాను. ఒకరికి నీడ, ఒకరికి నంది, ఒకరికి పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలు, ఒకరికి అక్కడి మ్యూజియం. తనకు అప్పగించిన చోటు గురించి ఆ పిల్లవాడు ముందు తెలుగులో పూర్తిగా తెలుసుకోవాలి. ఆ తరువాతే ఇంగ్లీషు. మిగతా పిల్లలు పర్యాటకుల్లా వచ్చి ప్రశ్నలు వేస్తారు. ప్రశ్నలు వేసేవారికి ఒకటే నియమం, జవాబు ఒక్క మాటలో వచ్చే ప్రశ్న వేయకూడదు. ఈజ్ దిస్ ఓల్డ్ అని అడిగితే లెక్కలోకి రాదు, హౌ డు వి నో ఇట్ ఈజ్ ఓల్డ్ అని అడగాలి. బెంచీ మీద నోరు మెదపని పిల్లలు గుడి మెట్ల మీద తోటివారిని గదమాయిస్తూ ఇంగ్లీషులో చెబుతుంటే, తప్పులు ఉన్నా నేను అప్పుడు దిద్దను. తిరిగి వచ్చాక, మరునాడు, ఎవరి పేరూ చెప్పకుండా బోర్డు మీద రాసి దిద్దుతాను.

ఎవరైనా ఇలా మొదలుపెట్టదలిస్తే రోజులు చూసుకోవడం ముఖ్యం. వానాకాలంలో వరద వచ్చి సాగర్ గేట్లు ఎత్తినప్పుడు జనం వేలల్లో వస్తారు గానీ, వారంతా మన తెలుగువారూ హైదరాబాదీలే కాబట్టి ఇంగ్లీషుకు ఆ రోజులు దండగ. చలికాలంలో, పనిదినాల్లో వెళ్తే యాత్రికుల బృందాలు తీరికగా కనిపిస్తాయి. పోచంపల్లికి ఉదయం పూట వెళ్లాలి, మధ్యాహ్నం తరువాత మగ్గాలు కొంత మందగిస్తాయి. అలంపురానికి శివరాత్రి సమయంలో వెళ్లకుండా, ఆ ముందో తరువాతో వెళ్లడం మేలు. జాతీయ రహదారి మీద అలంపూర్ చౌరస్తాలో దిగితే ఆటోలు దొరుకుతాయి, కలిసి ఆటో ఎక్కే కొత్తవారితోనే మొదటి మాట మొదలుపెట్టవచ్చు.